సీసాలోని పిశాచం, తెరమీది కొనసాగింపు: తెలుగు హారర్, సైన్స్ ఫిక్షన్ సీక్వెళ్లు - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగు ప్రేక్షకులకు చేరువైన హారర్ చిత్రాల కొనసాగింపులు, మొదటి భాగం పిశాచానికి ఇచ్చిన వివరణను నిలుపుతున్నాయా, రద్దు చేస్తున్నాయా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. ‘కన్యాశుల్కం’లోని గవరయ్య ఘట్టం ఇందుకు కొలమానం. సైన్స్ ఫిక్షన్ చిత్రాలను పోలిక కోసం గ్రహించడమైంది.

కీలకపదాలు: సీక్వెల్, హారర్, సైన్స్ ఫిక్షన్, చిల్లంగి, కన్యాశుల్కం, గవరయ్య.

1. ప్రవేశిక:
1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1909లో కొత్త రూపంలో వెలువడిన ‘కన్యాశుల్కం’లో ఒక పిశాచం ఉంది. లుబ్ధావధాన్లు పెళ్లాడిన పిల్ల మాయమవుతుంది. ఆమె మనిషి కాదు, కామినీ పిశాచమన్న మాట పుడుతుంది. దాన్ని సీసాలో బంధించానంటాడు గవరయ్య. కాని ఆ పెళ్లికూతురు ఆడవేషం కట్టిన మహేశమేనని ప్రేక్షకుడికి ముందే తెలుసు. పాత్రలు భయపడుతుంటే ప్రేక్షకుడు నవ్వుతాడు. పిశాచం ఎలా తయారవుతుందో, దానివల్ల ఎవరి అవసరం తీరుతుందో గురజాడ రంగస్థలం మీదే విప్పి చూపాడు.

హారర్ చిత్రం ఇందుకు విరుద్ధంగా నడుస్తుంది. అది నిజాన్ని దాచి, చివరలో చెబుతుంది. ఆ చెప్పే నిజమేమిటన్నదే చిత్రం విలువను నిర్ణయిస్తుంది.

2. వివరణ నుండి వెనకడుగు:
ఫాజిల్ దర్శకత్వంలో 1993లో వచ్చిన మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళు’ పిశాచాన్ని మనోవ్యాధిగా వివరించింది. కన్నడంలో ‘ఆప్తమిత్ర’ (2004), తమిళం నుండి తెలుగులోకి అనువాదమైన ‘చంద్రముఖి’ (2005) ఆ వివరణను మోటుగానైనా నిలుపుకున్నాయి. ఈ రెండింటి దర్శకుడు పి. వాసు. ఆయనే కన్నడ ‘ఆప్తరక్షక’ను 2010లోనే తెలుగులో ‘నాగవల్లి’గా తీశాడు. ఇందులో శతాబ్దం క్రితపు రాజు తాంత్రికసాధనతో ఇంకా బతికే ఉంటాడు. ‘చంద్రముఖి 2’ (2023) నాటికి ఆత్మలు నిజంగానే మనుషులను ఆవహిస్తాయి. మూడు దశాబ్దాలలో కథ వైద్యుడి దగ్గర మొదలై మాంత్రికుడి దగ్గరకు చేరింది.

ఇది ఒక దర్శకుడి అభిరుచికి సంబంధించినది మాత్రమే కాదు. వివరణ పూర్తయితే కథ ముగుస్తుంది. ముగిసిన కథకు రెండవ భాగం ఉండదు. కొనసాగింపు కావాలంటే పిశాచం బతకాలి. పిశాచం బతకాలంటే వివరణ చావాలి.

పేరుకే కొనసాగింపులైన చిత్రాలది మరో దారి. ఓంకార్ ‘రాజుగారి గది’ (2015) తర్వాత వచ్చిన రెండవ భాగానికి (2017) మలయాళ ‘ప్రేతం’, మూడవ భాగానికి (2019) తమిళ ‘దిల్లుకు దుడ్డు 2’ ఆధారాలు. ఇక్కడ కొనసాగింది కథ కాదు, శీర్షిక.

3. పొలిమేర దాటిన అనుమానం:
అనిల్ విశ్వనాథ్ తీసిన ‘మా ఊరి పొలిమేర’ (2021) మరింత చిక్కైన ఉదాహరణ. చేతబడి చేశాడన్న అనుమానంతో ఊరి జనం కొమిరిని తగలబెడతారు. ప్రేక్షకుడి జాలి అతడి పక్షాన నిలుస్తుంది. ఆపైన అతడు బతికే ఉన్నాడనీ, చేతబడి చేసింది నిజమేననీ బయటపడుతుంది. ఈ మలుపు కథనపరంగా సమర్థమైనదే. కాని అది గుంపు చేసిన నేరాన్ని కాక గుంపుకు కలిగిన అనుమానాన్ని గెలిపిస్తుంది. రెండవ భాగం (2023) కొమిరి చర్యల వెనుక నిధి మీద ఆశను చూపుతుంది. మానవకారణం దొరికింది, సరే. మంత్రం ఫలిస్తుందన్న నమ్మకాన్ని మాత్రం అది ముట్టుకోదు.

ఈ ప్రశ్న ఉత్తరాంధ్రకు దూరమైనది కాదు. శ్రీకాకుళం, విజయనగరం మన్యంలో చేతబడిని చిల్లంగి అంటారు. ఆ అనుమానం మీద దాడులు, హత్యలు జరిగినట్లు వార్తలు వస్తూనే ఉన్నాయి. అనుమానానికి గురయ్యేవారిలో పేదలు, ఒంటరి ముసలివారు ఎక్కువగా కనిపిస్తారు. సినిమా చూసి ఎవరో హత్య చేస్తారని ఈ వ్యాసం వాదించదు. కాని అనుమానితుడే దోషి అని తేల్చే మలుపును కేవలం కథననైపుణ్యంగా మెచ్చుకోవడం విమర్శకు చాలదు.

4. యంత్రం, పురాణం:
సైన్స్ ఫిక్షన్‌లోనూ ఈ జరుగుబాటు కనిపిస్తుంది. సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ (1991)లో కాలయంత్రం పాత్రలను 1526 నాటి విజయనగర సామ్రాజ్యానికి, తర్వాత 2504వ సంవత్సరానికి తీసుకుపోతుంది. అక్కడ అద్భుతానికి కారణం మనిషి చేసిన యంత్రం. నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏ.డి.’ (2024)లో ప్రయోగశాల ఉంది, యుద్ధవాహనాలున్నాయి. అయినా కథను నడిపేది అశ్వత్థామ శాపం, రానున్న అవతారం. భైరవుడిలో కర్ణుడిని చూపి, కథను ముగించకుండానే చిత్రం ఆగుతుంది. మొదటి చిత్రంలో విజ్ఞానం చరిత్రలోకి ప్రయాణించింది; రెండవదానిలో పురాణం భవిష్యత్తులోకి ప్రయాణించింది. పురాణానికి ‘తరువాయి’ సహజం కనుక సీక్వెల్‌కు అది అనువైన ముడిసరుకు. దృశ్యకల్పనలో ‘కల్కి’ సాధించినది తక్కువేమీ కాదు. ఆ కల్పన విజ్ఞానాన్ని అలంకారంగా వాడుకుందా, హేతువుగా వాడుకుందా అన్నదే ఇక్కడి విచారణ.

5. ముగింపు:
భయాన్ని ఆస్వాదించడం తప్పు కాదు. జానపద కథనం నిండా భూతాలున్నాయి. కొనసాగింపులన్నీ హీనమనడమూ ఈ వ్యాసం ఉద్దేశం కాదు. సీక్వెల్‌ను అంచనా వేసేటప్పుడు వసూళ్లు, మలుపులతో పాటు ఒక ప్రశ్న అడగాలి: మొదటి భాగం తెరిచిన సీసాను రెండవ భాగం మళ్లీ బిగిస్తోందా? బిగించినచోట లోపల పిశాచం ఉందన్న నమ్మకమూ భద్రంగా ఉంటుంది. ‘కన్యాశుల్కం’ బోధించే తరగతిలో గవరయ్య ఘట్టాన్ని హాస్యంగా దాటవేయక, ఈ చిత్రాల పక్కన పెట్టి చదివిస్తే, నూరేళ్లు దాటిన ఆ సీసా ఖాళీదేనన్న సంగతి నేటి విద్యార్థికీ తెలుస్తుంది.