ఏడాదికి పన్నెండు ఫోటోలు

డిసెంబరు నెలాఖరుకు కెమెరా ఉన్నవాళ్లందరి దగ్గరా ఒక చిట్టా తయారవుతుంది. కొత్త లెన్స్ కొనాలి. లడఖ్ వెళ్లాలి. పక్షుల్ని తీయాలి, చుక్కల్ని తీయాలి, వీధి ఫోటోగ్రఫీ నేర్చుకోవాలి. సంక్రాంతి సెలవులు అయ్యేసరికి ఆ చిట్టా ఏ డైరీలో రాశామో కూడా గుర్తుండదు. చాలామంది దీన్ని తమ బద్ధకం ఖాతాలో వేసుకుంటారు గానీ, నన్నడిగితే లోపం చిట్టాలోనే ఉంది. అవన్నీ కోరికలు. కోరికకు గడువూ ఉండదు, హద్దూ ఉండదు. ఏళ్ల తరబడి ఒకే పని పట్టుకుని నెగ్గుకొచ్చిన ఫోటోగ్రాఫర్లను చూడండి: ఏం తీయకూడదో వాళ్లు ముందే తేల్చుకున్నారు.

అలాంటి హద్దుల్లో అందరికీ మొదట తట్టేది రోజుకో ఫోటో. ఈ దారిలో పెద్ద పేరు అమెరికాకు చెందిన జేమీ లివింగ్‌స్టన్‌ది. 1979 మార్చి 31న, న్యూయార్క్ రాష్ట్రంలోని బార్డ్ కాలేజీలో చదువుకుంటున్న రోజుల్లో మొదలుపెట్టాడు. చేతిలో పోలరాయిడ్ ఎస్‌ఎక్స్-70 కెమెరా. దాని ఫిల్మ్ ప్యాకెట్‌లో పదే ఫోటోలు. నొక్కగానే కాగితం బయటికొచ్చేస్తుంది, చెరపడం కుదరదు. అలా రోజుకొకటి చొప్పున 1997 అక్టోబరు 25 దాకా తీశాడు. ఆ రోజు అతని 41వ పుట్టినరోజు. క్యాన్సర్‌తో చనిపోయిందీ ఆ రోజే. ఆరువేలకు పైగా పోగైన ఆ ఫోటోలను తర్వాత స్నేహితులు ఒక్కచోటికి చేర్చి లోకానికి చూపించారు. విడివిడిగా చూస్తే వాటిలో గొప్పవి తక్కువే. స్నేహితులు, భోజనాలు, గదులు, చివర్లో ఆసుపత్రి. వరసగా చూస్తూ పోతే మాత్రం ఒక మనిషి పద్దెనిమిదేళ్ల బతుకు కళ్లముందు నడిచిపోతుంది.

అయినా ఉద్యోగం, పిల్లల బడి, ట్రాఫిక్ ఉన్నవాళ్లకు రోజుకో ఫోటో పెట్టుకోమని నేను చెప్పను. ఫిబ్రవరికల్లా రాత్రి పదకొండున్నరకు మంచం పక్కనున్న నీళ్ల సీసాను తీసి హమ్మయ్య అనుకునే స్థితికి వస్తారు. వారానికి ఒకటి, అంటే ఏడాదికి 52, మనం మోయగలిగిన బరువు. సోమవారం బస్టాపు దగ్గర వెలుతురు నచ్చకపోతే గురువారం మళ్లీ వెళ్లొచ్చు. ఆ మళ్లీ వెళ్లడంలోనే సగం పని నేర్చుకుంటాం.

హద్దులన్నిటిలో నాకు ఎక్కువ గురి ఉన్నది లెన్స్ హద్దు మీద. ఒక కెమెరా, ఒక లెన్స్, ఒక ఏడాది. అమెరికన్ ఫోటోగ్రఫీ రచయిత మైక్ జాన్‌స్టన్ 2009లో దీని గురించి రాశాక బాగా ప్రచారమైంది. ఆయన ఏకంగా లైకా ఫిల్మ్ కెమెరా, బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ పట్టుకోమన్నాడు. ఫిల్మ్ ధరలు చూస్తే ఇప్పుడు అంత దూరం పోనక్కర్లేదు. అసలు కిటుకు లెన్స్ మార్చకపోవడంలో ఉంది. చాలామటుకు 50 మి.మీ. లెన్స్‌తోనే కాలం గడిపిన ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్‌కు ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు, అలవాటు.

ఫుల్‌ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్మ్ అంత సెన్సర్ ఉన్న) కెమెరాకు 50 మి.మీ. లెన్స్ పెట్టి మూడు మీటర్ల దూరంలో నిలబడితే, అడ్డంగా రెండు మీటర్ల పైచిలుకు వెడల్పు ఫ్రేములో పడుతుంది. టీకొట్టు ముందు అలా నిలబడ్డారనుకోండి. టీ కాచే మనిషి, పొయ్యి, పాల గిన్నె, గ్లాసు అందుకునే ఒక చెయ్యి వస్తాయి. పైనున్న బోర్డు రాదు, పక్కనున్న బైకులు రావు. ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషిని అడ్డం ఫ్రేములో తల నుంచి పాదాల దాకా పట్టాలంటే దాదాపు నాలుగు మీటర్లు, అంటే ఐదారు అంగల దూరం కావాలి. మొదటి నెలంతా కెమెరా కంటికి ఆనించి ముందుకూ వెనక్కూ తచ్చాడుతూనే ఉంటారు. నాలుగైదు నెలలు పోయాక కెమెరా ఎత్తకముందే కాళ్లు సరైన చోట ఆగుతాయి. జూమ్ లెన్స్‌తో ఇది అబ్బడం కష్టం. జూమ్ తిప్పితే ఫ్రేము చిన్నదో పెద్దదో అవుతుందే గానీ, ముందున్న మనిషికీ వెనకున్న గోడకీ మధ్య పొందిక మారదు. అది మారాలంటే మీరు నిలబడ్డ చోటు మారాలి.

ఫోన్‌తో తీసేవాళ్లకూ ఇదే లెక్క. చాలా ఫోన్లలో 1ఎక్స్ అని కనబడేది 24 నుంచి 26 మి.మీ. లెన్స్‌తో సమానం. ఏడాదంతా అదొక్కటే వాడతాను, తెర మీద రెండు వేళ్లు పెట్టి సాగదీయను అని పెట్టుకోండి. పైసా ఖర్చు లేదు. వెడల్పాటి లెన్స్ కాబట్టి మనుషులకు దగ్గరగా వెళ్లక తప్పదు. దగ్గరికి వెళ్లాక పలకరించకా తప్పదు.

అమెరికన్ ఫోటోగ్రాఫర్ నికోలస్ నిక్సన్‌ది ఇంకా పొదుపైన పద్ధతి. ఏడాదికి ఒక్క ఫోటో. 1975లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో తన భార్య బీబీనీ, ఆమె ముగ్గురు అక్కచెల్లెళ్లనూ నిలబెట్టి, 8×10 అంగుళాల ఫిల్మ్ పట్టే పెద్ద కెమెరాతో ఫోటో తీశాడు. ఆ తర్వాత ఏటా అదే పని, 2022 దాకా. ఎడమ నుంచి కుడికి వరస మారలేదు: హెదర్, మిమీ, బీబీ, లారీ. రంగుల్లేవు. మారిందల్లా వాళ్లు. ఒకరి భుజం మీద ఒకరి చెయ్యి పడటం, ముఖాల్లో గీతలు తేలడం, ఏళ్లు గడిచేకొద్దీ ఒకరికొకరు దగ్గరగా జరగడం.

మన ఇళ్లలో దీనికి వేరే ముహూర్తం వెతకనక్కర్లేదు. హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ, ఒక్కోసారి డల్లాస్ నుంచీ జనం ఊరు చేరేది సంక్రాంతికే. కనుమ నాడు, భోజనాలకు ముందు, అదే అరుగు, అదే వరస. అరుగు నీడలో ముఖాలు వాకిలి వైపు పెట్టి నిలబెడితే, వాకిట్లో పడ్డ ఎండ వెనక్కి చిమ్మి ముఖాల మీద మెత్తటి వెలుతురు పడుతుంది. కెమెరా పెట్టిన చోట గచ్చు మీద గుర్తు గీసుకోండి. కొత్త కోడలిని ఎక్కడ నిలబెట్టాలన్న పేచీ వస్తుంది, రానివ్వండి. పోయినవాళ్ల చోటు ఖాళీగా వదలాలా, జరిగి సర్దుకోవాలా అన్నది ఇంటి పెద్దవాళ్లు తేలుస్తారు.

కొంచెం పరిశోధన మీద మోజున్నవాళ్లకు పాత ఫోటో తీసిన చోటికే వెళ్లి మళ్లీ తీసే పద్ధతి నచ్చుతుంది. అమెరికాలో మార్క్ క్లెట్ బృందం 1977లో దీన్ని పద్ధతిగా మొదలుపెట్టింది. పందొమ్మిదో శతాబ్దపు సర్వే ఫోటోగ్రాఫర్లు నిలబడ్డ చోట్లు వెతికి, అక్కడికక్కడే పోలరాయిడ్ తీసి, పాత ప్రింటు కొలతలతో పోల్చుకుంటూ కెమెరాను జరిపేవాళ్లు.

మనకు రాజా దీన్‌దయాళ్ ఉన్నాడు. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రభుత్వోద్యోగం చేస్తూ కెమెరా పట్టినవాడు, చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. 1905లో పోయాడు. ఆయన గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. అచ్చయిన పుస్తకాల్లోంచి ఆయన తీసిన ఒక చార్మినార్ ఫోటో తీసుకోండి. అందులో దగ్గరగా ఉన్న అంచు ఒకటి, దూరంగా ఉన్న అంచు ఒకటి ఎంచుకుని, వాటి మధ్య ఖాళీ ఎంతో చూడండి. మీరు కుడికి జరిగితే దూరపుదాని ముందు దగ్గరిది ఎడమకు జరుగుతుంది. ఎడమకు జరిగితే కుడికి. ముందుకు వెళ్తే దగ్గరిదే త్వరగా పెద్దదవుతుంది. ఇలాంటి జంటలు రెండు కుదిరితే ఆయన కెమెరా స్టాండు నిలిచిన చోటికి చాలా దగ్గరగా వచ్చినట్టే. అక్కడ ఇప్పుడు పండ్ల బండి ఉండొచ్చు. బండాయనను బతిమాలుకోవాలి.

తర్వాత ఎండ. చార్మినార్ నాలుగు ముఖాలూ దాదాపు నాలుగు దిక్కులకు ఉంటాయి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి తిరుగుతాడు కాబట్టి ఉత్తరం ముఖాన ఎండ పడదు. పాత ఫోటోలో ఉత్తరం ముఖం మీద ఎండ కనిపిస్తే అది మార్చి చివరికీ సెప్టెంబరు చివరికీ మధ్య తీసిందని చెప్పేయొచ్చు. నడి మధ్యాహ్నపు ఎండ అయితే మే రెండో వారానికీ ఆగస్టు మొదటి వారానికీ మధ్యది. హైదరాబాదులో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, నిలువు గుంజకు నీడ లేకుండా పోయేది ఆ రెండు సమయాల్లోనే; ఆ మధ్య రోజుల్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఉత్తరానే ఉంటాడు. ఒక ఫోటోను ఇలా చదవడానికి ఒక్కోసారి నెల పడుతుంది. ఏడాదికి నాలుగు చేసినా గొప్పే. హైదరాబాదులో లేనివాళ్లు తాతగారి పెళ్లి ఫోటో వెనకున్న గుడి మెట్లతో మొదలుపెట్టొచ్చు.

ఏ హద్దు పెట్టుకున్నా, తీసినవాటిని ఏరుకోకపోతే ఏడాది చివర మిగిలేది నిండిపోయిన ఫోన్ మాత్రమే. న్యూయార్క్ వీధుల్ని తీసిన గ్యారీ వినోగ్రాండ్ 1984లో చనిపోయేనాటికి కడగని ఫిల్మ్ రోల్సే 2,500 దాకా ఉన్నాయి. అంతటివాడు కాబట్టి మ్యూజియంవాళ్లు కూర్చుని కడిగించారు; మనకు ఎవరు కడుగుతారు? అయితే ఆయన దగ్గర నేర్చుకోదగ్గ సంగతీ ఒకటుంది. తీసిన వేడిలో ఉండగా మంచీచెడూ తెలియదని, ఫిల్మ్ కడగడం కావాలనే ఆలస్యం చేసేవాడు. కొండ మీదికి చచ్చీచెడీ ఎక్కి తీసిన ఫోటో, ఆ ఆయాసం గుర్తున్నంతకాలం బాగానే కనిపిస్తుంది. అందుకని జనవరిలో తీసినవి మార్చిలో చూడండి. నెలకో పూట కూర్చుని, రెండు నెలల కిందటి వాటిలోంచి ఒక్కటి ఎంచండి. ఉగాది నాడు పంచాంగంలో ఆదాయం, వ్యయం చూసుకున్నట్టు ఈ లెక్క కూడా చూసుకోవాలి: వ్యయం ఎనిమిది వందల క్లిక్కులు, ఆదాయం ఒకటి. నష్టమేమీ కాదు. ఏడాదికి పన్నెండు చెప్పుకోదగ్గ ఫోటోలు వస్తే పంట పండినట్టేనన్న మాట అమెరికన్ ప్రకృతి ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ పేరిట ప్రచారంలో ఉంది. కొండల ముందు జీవితం గడిపినవాడే అంతకు తృప్తిపడితే మనకు పేచీ ఏముంటుంది?

మొదలు జనవరి ఒకటినే పెట్టాలని రూలేం లేదు, ఉగాదికి పెట్టినా ఏడాది ఏడాదే. కానీ కొత్తవాళ్లకు జనవరే నయం. హైదరాబాదులో అప్పుడు సూర్యోదయం దాదాపు 6.45కి, మిట్టమధ్యాహ్నం కూడా ఎండ ఏటవాలుగానే ఉంటుంది. తొమ్మిదింటికి బయల్దేరినా నీడలు పొడుగ్గా దొరుకుతాయి. మే నెలాఖరుకు 5.40కే పొద్దు పొడుస్తుంది, కాస్త పొద్దెక్కేసరికి ఎండ తెల్లబడి ముఖాల మీద కళ్ల గుంటలు నల్లగా వస్తాయి. అప్పటికి తెల్లవారుజామున లేచే అలవాటు పడి ఉంటే సరి.

డిసెంబరు ఫోటో కూడా ఎంచాక, ఫిబ్రవరిలో ఆ పన్నెండింటినీ ల్యాబుకు తీసుకెళ్లి ప్రింటు వేయించండి, రెండేసి కాపీలు. ఒకటి మీ ఆల్బమ్‌లోకి, ఒకటి అందులో ఉన్న మనిషికి. ల్యాబులో కుర్రాడు ముఖాలు కాస్త తెల్లగా చేసి ఇవ్వమంటారా అని అడుగుతాడు. అడగకపోయినా చేసేస్తాడు. వద్దని ముందే గట్టిగా చెప్పండి.