చీకటిలో ముగిసిన కీర్తన

కీర్తనల గ్రంథములో 150 కీర్తనలు కలవు. వాటిలో మన పల్లె సంఘములు నిజముగా వాడుకొనునవి పట్టుమని పదియైనను ఉండునో లేదో. 23వ కీర్తన పసిపిల్లలకు సయితము కంఠస్థము. 91వది రోగి మంచము నొద్దను, 121వది ప్రయాణమునకు ముందును, 103వది కృతజ్ఞతా కూటములోను చదువుదుము. మంచిదే. అయితే 88వ కీర్తనను మీ మందిరములో ఎవరైనను లేచి చదువగా వింటిరా? 2022లో విశాఖపట్నము జిల్లానుండి అనకాపల్లి జిల్లాలోనికి వచ్చిన చోడవరము, మాడుగుల, చీడికాడ ప్రాంతములలోని విశ్వాసులు ఒకరినొకరు అడిగి చూచుకొనవచ్చును.

దానిని మనము దాటిపోవుటకు కారణము కలదు. తక్కిన విలాప కీర్తనలలో ఎక్కడో ఒకచోట త్రోవ మలుపు తిరుగును. కన్నీటితో మొదలు పెట్టినవాడు స్తోత్రముతో ముగించును. ఎజ్రాహీయుడైన హేమాను పేరిట ఉన్న యీ కీర్తనలో ఆ మలుపు లేదు. 18 వచనములు నడచి చివరకు చీకటి యను మాట దగ్గరనే ఆగిపోవును. హెబ్రీ మూలములో కడపటి మాట అదియే. ప్రసంగము చేయువారికి ముగింపు లేని పాఠము రుచింపదు. నావంటి వ్యాసకర్తలకును అంతే.

అయినను ప్రియ చదువరులారా, ఈ కీర్తనను మెల్లగా చదివి చూడుడి. ఇందులో భక్తుడు తాను మొఱ్ఱపెట్టుచున్నానని మూడు సార్లు చెప్పుకొనును. మొదట పగలును రాత్రియును అనును. నడుమ, దినమెల్ల చేతులు చాపుచున్నాననును. పిమ్మట, తెల్లవారగనే తన ప్రార్థన దేవుని యెదుటికి వచ్చుననును. జవాబు రాలేదు గనుక ప్రార్థన మానలేదు. వేళను మార్చి మరల వచ్చెను. మరియొక సంగతి. విలాప కీర్తనలలో సాధారణముగా శత్రువులు కనబడుదురు. దావీదు వెంట సౌలు మనుష్యులో, అబద్ధికులో, పగవారో ఉందురు. ఇక్కడ శత్రువు ఒక్కడును లేడు. గోతిలో పెట్టినది నీవే, స్నేహితులను దూరపరచినది నీవే అని భక్తుడు తిన్నగా దేవునితోనే మాటలాడును. దేవునిమీద ఫిర్యాదును దేవుని దగ్గరకే తెచ్చినాడు. రెండవ న్యాయస్థానము అతనికి లేదు. అందువలననే కాబోలు, మొదటి వచనములో రక్షణకర్తయని ఒక్కసారి పిలిచి, ఆ పిలుపును మాత్రము వెనుకకు తీసికొనడు.

మన తెలుగు సాహిత్యములో నిందాస్తుతి యను పద్ధతి యున్నది. పైకి తిట్టినట్లుండి లోపల పొగడుట దాని చమత్కారము. హేమాను కీర్తనను ఆ లెక్కలో వేయరాదు. ఇందులో నింద అలంకారము కాదు, నొప్పి. దీనికి దగ్గరగా వచ్చునది వెదుకవలెనన్న, 17వ శతాబ్దములో గోలకొండ చెరసాలలో కూర్చుండి తన దైవమునకు చేయించిన నగల ఖరీదులు ఏకరువు పెట్టి దెప్పిపొడిచిన కంచెర్ల గోపన్న పాటలు జ్ఞాపకము వచ్చును. మత మేదైనను, చెరలో ఉన్నవాని గొంతు చెరలో ఉన్నవాని గొంతే. మరియొకటి గమనింపుడి. ఊరి పెద్దను మనము మీరు అందుము, తాసీల్దారును అయ్యగారూ అందుము. కాని ప్రార్థనలో దేవుని మాత్రము నీవు అందుము. కన్నతల్లిని పిలిచినట్లు పిలుచుట యిది. తల్లితో బిడ్డ అలుగవచ్చును, కొంగు పట్టుకొని ఏడ్వవచ్చును. మన భాషయే మనకు ఆ చనువు ఇచ్చినది. మనము మాత్రము కూటములో లేచి నిలువబడగనే అర్జీ వ్రాయు గుమాస్తా భాష మాటలాడుచున్నాము.

ఇంతకును ఈ విమర్శ ఎందుకనగా, మన సాక్ష్య కూటములలో ఒక అలవాటు బలపడినది. జబ్బు కుదిరినవారు, ఉద్యోగము దొరికినవారు లేచి చెప్పుదురు. జబ్బు కుదరనివారు వెనుక చాపమీద కూర్చుండి విందురు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో, నీ విశ్వాసము చాలలేదమ్మా అని చెప్పువారు సయితము మనలో కలరు. ఆ మాట ఓదార్పు కాదు; పుండుమీద కారము. అట్టి తల్లి రెండు ఆదివారములు మందిరమునకు రాదు, మూడవ ఆదివారము ఆమెను గూర్చి అడుగువారుండరు. సందేహము ఆమెను సంఘమునకు దూరము చేసినదందుము. నా మట్టుకు నాకు, సందేహమును చెప్పుకొనుటకు చోటు లేకపోవుటయే దూరము చేసినదని తోచుచున్నది.

ఇక్కడ కొందరు యాకోబు పత్రిక మొదటి అధ్యాయమును చూపుదురు. సందేహించువాడు గాలికి రేగిన సముద్రపు అల వంటివాడని అందులో ఉన్నది గదా అందురు. ఉన్నది. కాని యాకోబు అక్కడ జ్ఞానము అడుగుటను గూర్చి చెప్పుచు, ద్విమనస్కుని, అనగా రెండు పడవలమీద కాళ్లు పెట్టువానిని హెచ్చరించుచున్నాడు. ఒకే పడవలో కూర్చుండి భయముతో వణకువాడు వేరు. యూదా పత్రిక 22వ వచనము అట్టివారియెడల కనికరము చూపుమని చెప్పును. మత్తయి సువార్త చివరి అధ్యాయము 17వ వచనము ఇంకను ఆశ్చర్యము. గలిలయ కొండమీద పునరుత్థానుడైన ప్రభువునకు మ్రొక్కిన శిష్యులలోనే కొందరు సందేహించిరట. ప్రభువు వారిని ఏరివేయలేదు. సర్వలోకమునకు వెళ్లుడను ఆజ్ఞ ఆ గుంపుకంతటికిని ఇచ్చెను. మిషనెరీలందరి పని ఆ ఆజ్ఞమీదనే కట్టబడినది.

సందేహముతో చేయు ప్రార్థనకు మాదిరి వెదకినచో మార్కు సువార్త 9వ అధ్యాయమునకు పోవలెను. మూర్ఛతో పడిపోవు కుమారుని తీసికొని ఒక తండ్రి వచ్చెను. శిష్యులు చేయలేకపోయిరి. ఆ తండ్రి మొదట, నీవలననైతే అని ప్రభువుతో అనెను. ఈ చిన్న మాటలో ఎన్ని సంవత్సరముల అలసట ఉన్నదో చూడుడి. ఎన్ని గుమ్మములు ఎక్కి దిగెనో! ప్రభువు ఆ మాటనే పట్టుకొని ప్రశ్నింపగా, అతడు నమ్మకమును అపనమ్మకమును ఒకే ఊపిరిలో ఒప్పుకొని, తన అపనమ్మకము విషయములో సయితము సహాయము అడిగెను. మొదట సందేహము తీర్చుకొని పిమ్మట రమ్మని ప్రభువు చెప్పలేదు. బిడ్డ ఆనాడే బాగుపడెను.

ఈ అధ్యాయము మన భాషలోనికి వచ్చిన విధమును మన ప్రాంతమువారు తెలిసికొనదగును. 1805లో లండను మిషనరీ సొసైటీవారు జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ అను ఇద్దరిని విశాఖపట్నమునకు పంపిరి. ఆనందరాయర్ అను విశ్వాసి సహాయముతో సువార్తల అనువాదము సాగెను. 1809లో క్రాన్ మరణించెను. 1810లో డే గ్రాంజెస్ మరణించెను. మత్తయి, మార్కు, లూకా సువార్తలు సీరాంపూరులో అచ్చయినది 1812లో. పని చేసిన ఆ ఇద్దరును అచ్చు పుస్తకము కన్నులారా చూడలేదు. ఆ సందేహపు తండ్రి ప్రార్థన తెలుగులో అచ్చుపడి మన చేతికి వచ్చినది అటువంటి చేతులమీదుగా.

దీనికి ప్రక్కన ఒంగోలు కథను పెట్టి చూడుడి. అది మనకు బాగుగా తెలిసినది. నెల్లూరు మిషనును మూసివేయవలెనా అని 1853లో అమెరికా బాప్టిస్టులు తర్జనభర్జన పడిరి. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, మరి కొందరు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండమీద మోకరించి ఒక సేవకుని పంపుమని అడిగిరి. 1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలు చేరిరి. 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ప్రసంగములలో మనము 1854నుండి 1878కి ఒక్క గంతు వేయుదుము. నడుమ పండ్రెండేండ్లు ఆ కొండ క్రింద ఊరిలో కాపురమునకు మిషనెరీ ఎవరును రాలేదు. 1862లో మిషనును మూసివేయుమను మాట మరల లేచినది; జ్యూయెట్ దొరగారు అమెరికాకు పోయి, ఒంటరిగానైనను తిరిగి పోవుదునని పట్టుబట్టవలసి వచ్చినది. కొండమీద చేసిన ప్రార్థనతో భయము తీరిపోయి యుండినయెడల ఈ మొండితనము అక్కరలేకపోవును. కథను కుదించి చెప్పుటవలన వినువారికి ఒక నష్టము కలుగును. ఒక ప్రాతఃకాలము ప్రార్థించితిని, రెండవ నెలకును ఏమియు జరుగలేదు, నాలోనే లోపమున్నది అని పేద విశ్వాసి కలత చెందును.

భయమును గూర్చి రెండు మాటలు. 2014 అక్టోబరు 12 ఆదివారము. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నము దగ్గర తీరము దాటెను. గాలి గంటకు 170 కిలోమీటర్లకు పైగా వీచెను. చెరకు నేల వాలినది, చెట్లు కూకటివ్రేళ్లతో లేచినవి, కరెంటు దినముల తరబడి రాలేదు. ఆరాధన దినమున వచ్చిన ఆ తుఫానులో మన యింటి పెద్దలు ఏమని ప్రార్థించి యుందురు? వరుస తప్పని అలంకారపు ప్రార్థన చేయుట కెవరికి సాధ్యము? పడవలో శిష్యులు చేసినదియు అదే. మార్కు 4వ అధ్యాయములో వారి మాట మర్యాద తప్పినది. మేము చచ్చిపోవుచుంటే నీకు పట్టదా అన్నంత పని చేసిరి. అయినను మార్కు చెప్పిన వరుసలో ప్రభువు మొదట గాలిని గద్దించి, పిమ్మట శిష్యులను ప్రశ్నించెను. మత్తయి 8వ అధ్యాయములో ప్రశ్న ముందు, నిమ్మళము పిమ్మట. రెండును చదువుకొనవలెను. కాని పెంకు లేచిపోవుచున్న యింటిలో ఉన్నవారి యొద్దకు పోవునప్పుడు మార్కు వరుస నడచుట మంచిదని నా అభిప్రాయము. ముందు చూరు నిలబెట్టుడి.

అయితే ప్రార్థించుట ఎట్లు? భయమునకు పేరు పెట్టి చెప్పవలెను. లోకములోని భయములన్నిటిని తొలగింపుము అనుటకంటె, చక్కెర మిల్లునుండి చెరకు సొమ్ము రాలేదు, అప్పువాడు రేపు వచ్చును, నాకు భయముగా ఉన్నది అనుట మేలు. స్వంత మాటలు రానప్పుడు 13వ కీర్తనను అప్పు తెచ్చుకొనవచ్చును, ఆరే వచనములు. మొదటి రెండింటిలోనే ఎంతకాలము అను ప్రశ్న నాలుగు మార్లు వచ్చును. మన బోధకులు తొందరపడి అయిదవ వచనములోని నమ్మికకు పరుగెత్తుదురు. నాలుగింటికిని అయిదింటికిని నడుమ ఏమి జరిగెనో ఆ కీర్తన చెప్పదు; ఆ సందున ఒక రాత్రి ఉండవచ్చును, ఒక సంవత్సరము ఉండవచ్చును. అక్కడ ఆగుటకు సిగ్గుపడనక్కరలేదు. నోట మాటే రాని దినమున మరియొకరు మన పక్షముగా ప్రార్థింపవచ్చును. ఆ మూర్ఛరోగి బాలుడు ఒక్క మాటయు ప్రార్థింపలేదు, తండ్రి ప్రార్థించెను.

88వ కీర్తనను కూటములో చదువదలచినవారు ఒక్క సంగతి కనిపెట్టవలెను. దాని తరువాత వచ్చు 89వ కీర్తన కృపను గూర్చి పాడుచు మొదలైనను, అదియు దేవుని పూర్వపు కృపలు ఎక్కడనున్నవను ప్రశ్నతోనే ముగియవచ్చును. అంతట చివరి వచనమున ఒక స్తోత్రమును, రెండు ఆమేనులును ఉన్నవి. కీర్తనల గ్రంథములో మూడవ భాగము అక్కడ ముగియును గనుక, ఆ స్తోత్రము భాగమంతటికిని ముగింపుగా పెట్టబడినది. హేమాను తన కీర్తనకు ఆమేను చెప్పలేదు. రెండు కీర్తనలను కలిపి చదువునప్పుడు 88ని ఒక్కరే, తొందరపడక చదువవలెను. చదివిన పిమ్మట వెంటనే పాట ఎత్తుకొనక కొంతసేపు ఊరకుండుడి. 89లోని కడపటి వచనమును సంఘమంతయు లేచి పలుకవచ్చును, వెనుక చాపమీద కూర్చున్నవారితో కూడ.