చింతగింజల ఓనమాలు

చింతగింజా! చిక్కని ఎరుపులో చల్లని నునుపు దాచుకున్న చిన్నిదానా! పులుపు విడిచి, పీచు విడిచి, చింతపండు కొట్టే చేతుల కింద నుంచి గలగలమని నేల మీదికి దూకేదానా! పండును సంతకు పంపి నిన్ను చాటలో మిగుల్చుకున్న కారేపల్లి తల్లికి నువ్వెంత సిరివి! కొననక్కరలేని పలకవు, అరిగిపోని బలపానివి, అలగని, అరవని పంతులువి. మూడేళ్ల పాప పిడికిలి విప్పితే నువ్వు, నాలుగేళ్ల బాబు జేబు దులిపితే నువ్వు. నీకు దండం.

అలికి ఆరిన నేల మీద అమ్మ నిన్ను ఒక్కొక్కటిగా పేరుస్తుంది. పన్నెండు గింజలు చుట్టూ తిరిగి చేయి చేయి కలిపితే సున్న. సున్న నెత్తిన మరో నాలుగు వంకరగా నిలిస్తే తలకట్టు. సున్న కాస్తా ‘ర’ అయి కూర్చుంటుంది. ఆ ‘ర’ కడుపులో ఒక్క గింజ పెడితే ‘ఠ’! పాప చూపుడువేలు నీ నెత్తి మీదుగా మెల్లగా నడుస్తుంది. ఎత్తూ పల్లం, ఎత్తూ పల్లం, మలుపు తిరిగి మళ్లీ మొదటికి. కన్ను చూసి మరిచిపోయేదాన్ని వేలు తడిమి దాచుకుంటుంది. గింజ పక్కకు దొర్లితే పాపే సరిచేస్తుంది. కొట్టివేత లేదు, ఎర్రసిరా గీత లేదు. వేలితో తోస్తే పోయే తప్పు, వేలితో తోస్తే వచ్చే ఒప్పు. మన అక్షరాలకు మొనలు లేవు, నీకూ మొనలు లేవు. ఎంత చక్కగా కుదిరారమ్మా ఒకరికొకరు!

నీ తోబుట్టువులు మాత్రం తక్కువవారా? అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో పరుచుకునే బియ్యం నీ అక్క, వాగు ఒడ్డు ఇసుక నీ చెల్లెలు. ఇసుకలో వేలితో రాసే మన బడిపిల్లల్ని చూసి, 18వ శతాబ్దం చివర మద్రాసులో అనాథ బాలల బడి నడిపిన ఆండ్రూ బెల్ ముచ్చటపడ్డాడు. తన బడిలోనూ ఇసుకలో రాయించాడు. ఆ పద్ధతి సముద్రం దాటి ఇంగ్లండు చేరింది. గరుకు కాగితపు అక్షరాలను వేలితో తడమమన్న మరియా మాంటిస్సోరి 1939లో అదే మద్రాసుకు వచ్చింది. వాళ్లు నమ్మిన వేలు ఇదే, అలికిన నేల మీద తిరుగుతున్న ఈ చిట్టివేలే.

ఇక లెక్కల్లో నీ లీల చెప్పతరమా! నాలుగు గింజల్ని బండ మీద ఒకవైపు అరగదీస్తే ఆ వైపు తెల్లన, ఈ వైపు నల్లన. విసిరితే ఒక తెలుపు ఒకటి, రెండు తెలుపులు రెండు, మూడైతే మూడు. నాలుగూ తెల్లబడితే చెమ్మా, నాలుగూ నల్లబడితే అష్టా! నాలుగుకూ ఎనిమిదికీ మధ్య ఆట గంతులు వేస్తుంటే కూడిక ఎప్పుడొచ్చి ఒళ్లో కూర్చుందో పాపకు తెలియదు. గుప్పెట మూసి సరా బేసా అంటే నువ్వే. కుప్పగా పోసి ఉఫ్‌మని ఊది, పక్క గింజ కదలకుండా ఏరుకోమంటే నువ్వే; రేపు పెన్సిలు పట్టే వేళ్లకు ఆ ఓర్పు నువ్విచ్చిందే.

ఎండాకాలం వస్తుంది. తునికాకు కోసుకొచ్చిన తల్లులు కట్టకు 50 ఆకులు లెక్కపెట్టి కడతారు. ఎంత వేగం ఆ వేళ్లకు, ఎంత లెక్క ఆ పెదవుల మీద! పక్కనే పిల్లాడు కట్టకో గింజ చొప్పున నిన్ను పక్కన పెడతాడు. పది గింజలయ్యాక అమ్మ వాణ్ణే అడుగుతుంది, ఎన్ని కట్టలయ్యాయిరా అని. వాడు తండాలో గోర్‌బోలి మాట్లాడే పిల్లాడైనా, గూడెంలో కోయ మాట్లాడే పిల్లాడైనా నీ ముందు తడబడడు. నువ్వు చేతిలో ఉన్నావుగా!

కారేపల్లి జంక్షన్‌లో పట్టాలు చీలి ఒకటి కొత్తగూడెం వైపు, ఒకటి ఇల్లందు వైపు పోతాయి. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర గుర్తించిన బొగ్గు కోసం పుట్టిన దారులివి. బండి కూత వినగానే పిల్లలు నీతోనే బండి కడతారు. ఇంజనుకు ఒక గవ్వ, పెట్టెకో గింజ. పెట్టె తగిలిస్తే కూడిక, పెట్టె విప్పితే తీసివేత!

నీ మీద ఎంత ప్రేమ ఉన్నా ఒక్క భయం ఉంది తల్లీ. పిల్లలది నిన్ను నోట్లో వేసుకునే వయసు, ముక్కులో చెవిలో దూర్చుకునే వయసు. నువ్వున్నచోట పెద్దవాళ్ల కన్ను ఉండాలి, ఒడి ఉండాలి. ఆట అవగానే నిన్ను లెక్కపెట్టి డబ్బాలో వేయాలి. ఆ లెక్కా చదువే. రంగురంగుల ప్లాస్టిక్ అక్షరాలు పట్నం దుకాణాల్లో వేలాడుతుంటే, కొనలేకపోయామని ఏ తల్లీ చిన్నబుచ్చుకోకూడదు. పక్కన కూర్చుని ‘ఏదీ, చూపించు’ అనే గొంతును ఏ దుకాణమూ అమ్మదు.

రా చింతగింజా, చాటలోంచి జారి రా, డబ్బాలోంచి దూకి రా! పాప ఇవాళ తన పేరు మొత్తం పేర్చాలంటోంది. మెలికకు కొన్ని, కొమ్ముకు కొన్ని, దీర్ఘానికి ఇంకొన్ని, ఒత్తు దగ్గర సర్దుకోవడానికి మరికొన్ని, అందరూ కలిసి రండి!