కాలం దాటిన కథానాయిక ఏ గుమ్మంలో దిగింది?

ఈనాటి చదువుకున్న స్త్రీ ఏదో ఒక మాయవల్ల కొన్ని వందల ఏళ్లు వెనక్కి పోతుంది. అక్కడొక ప్రభువును చూసి, కొంతకాలం పోట్లాడి, ఆ తర్వాత ప్రేమిస్తుంది. ఈ ఇతివృత్తం గత ముప్పై అయిదేళ్లుగా ప్రపంచ మార్కెట్టులో బాగా చెల్లుబడి అవుతున్న సరుకు. అమెరికా రచయిత్రి జూడ్ డెవరో ‘ఎ నైట్ ఇన్ షైనింగ్ ఆర్మర్’ 1989లో వచ్చింది. 1991లో డయానా గాబల్డన్ ‘అవుట్‌లాండర్’ వచ్చింది. అందులో రెండో ప్రపంచయుద్ధంలో నర్సుగా పనిచేసిన క్లెయిర్, స్కాట్లండులో నిలువురాళ్ల మధ్య నుంచి 1743లోకి పడిపోయి, జేమీ ఫ్రేజర్ అనే కొండసీమ భూస్వామిని పెళ్లాడుతుంది. 2014లో అది టెలివిజన్‌కు ఎక్కింది. చైనాలో 2011లో వచ్చిన ఒక ధారావాహికలో నేటి యువతి చింగ్ వంశపు రాకుమారుల మధ్య కళ్లు తెరుస్తుంది. 2016లో కొరియావాళ్లు ఆ కథను తమ గొర్యో రాజ్యానికి మార్చుకున్నారు.

వీటిని చూసేవాళ్లు, చదివేవాళ్లు దూరదేశాల్లోనే లేరు. తార్నాక మెట్రో స్టేషనులో రైలు కోసం నిలబడి చూసేవాళ్లున్నారు. ఉస్మానియా హాస్టలు గదుల్లో తెల్లవార్లూ ఫోను పట్టుకొని చూసేవాళ్లున్నారు. నేను తార్నాకలో కాపురముంటూ ఆ ఆవరణలో చాలా ఏళ్లు సాహిత్యం చెప్పినవాణ్ణి. ఈ కథలను నాకు పరిచయం చేసింది మా విద్యార్థినులే. కనుక ఇవి పరాయి సరుకులని పక్కకు నెట్టెయ్యడానికి నాకు మనసొప్పదు.

వీటిని ‘పలాయనవాదం’ అని ఒక్క మాటతో కొట్టిపారెయ్యవచ్చు. 1960, 70 దశకాల్లో యద్దనపూడి సులోచనారాణి నవలల మీద ఇదే ముద్ర పడింది. ‘సెక్రటరీ’లోని రాజశేఖరం వంటి మగవాడు మన బతుకుల్లో ఎక్కడున్నాడని విమర్శకులు అడిగారు. ఆ ప్రశ్న సబబైనదే. కాని అక్కడితో విమర్శ పని పూర్తి కాదు. పారిపోయే మనిషి ఎక్కడికి పోతున్నదో చూసినట్టే, దేన్నుంచి పోతున్నదో కూడా చూడాలి. ఊరికే ఎవరూ ఇల్లు వదిలి పోరు.

డెవరో నవల ప్రారంభమే ఇందుకు సాక్ష్యం. డగ్లస్ అనే అమెరికన్ యువతి, తాను పెళ్లాడాలనుకున్న ఒక సర్జనుతోనూ అతని కూతురితోనూ కలిసి ఇంగ్లండు వస్తుంది. అతను ఖర్చుల్లో ఆమె వాటా లెక్కగడతాడు. కూతురి పక్షం వహించి ఈమెను ఒక చర్చి దగ్గర వదిలి వెళ్లిపోతాడు. డబ్బున్న చేతిసంచి కూడా ఆమె దగ్గర మిగలదు. దిక్కుతోచక పదహారో శతాబ్దపు ప్రభువు సమాధి మీద పడి ఏడిస్తే ఆ ప్రభువు లేచి వస్తాడు. అంటే ఆయన్ను పిలిచింది వర్తమానంలో జరిగిన అవమానం. చరిత్ర మీద మోజు తర్వాత పుట్టింది.

ఒకసారి తరగతిలో ఈ ప్రసక్తి వచ్చినప్పుడు నేను అడిగాను: ‘‘ఇంత చదువుకున్నవాళ్లు, ఆ కత్తి పట్టిన దొరలో ఏం చూస్తున్నారమ్మా?’’ ఒక అమ్మాయి తడుముకోకుండా చెప్పింది: ‘‘ఆమె మాట పూర్తయ్యేదాకా వింటాడు సార్.’’

ఈ జవాబును తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. బస్సులో ఒళ్లు ముడుచుకొని నిలబడే పిల్ల ఆ జవాబులో ఉంది. పరీక్షలు రాయకముందే కట్నం బేరం మొదలుపెట్టిన ఇల్లు ఉంది. తన పరిశోధన గురించి నోరు విప్పగానే మధ్యలో అందుకొని తనకే పాఠం చెప్పే మగ సహాధ్యాయి ఉన్నాడు. ఈ కథలు ఇంతగా చెల్లుబడి కావడానికి కారణం వాటిలోని ఫిర్యాదు నిజం కావడమే.

ఫిర్యాదు నిజమే గాని, చూపిన మందు మాత్రం అబద్ధం. ఆ ప్రభువుకు మాట వినే తీరిక ఎక్కడినుంచి వచ్చింది? అతని పొలం మరొకరు దున్నుతున్నారు. అతని గుర్రానికి మరొకరు దాణా పెడుతున్నారు. కథానాయిక స్నానానికి నీళ్లు కాచిందెవరు, ఆమె పట్టుబట్ట ఉతికిందెవరు అన్నది ఈ కథల్లో ప్రశ్నగా లేవదు. గతంలోకి జారిపడిన స్త్రీ ప్రతిసారీ కోట పెద్దగుమ్మం దగ్గరే పడుతుంది. గొడ్లచావిడిలో పడదు, వంటింట్లో పడదు. పడినా నాలుగు పుటల్లో పై అంతస్తుకు చేరుతుంది. ఆమెకు దక్కే మర్యాద అంతా ఆ గుమ్మం ఇచ్చిందే.

‘అవుట్‌లాండర్’ ఈ విషయంలో కొంత నిజాయితీ చూపింది. ఒక సందర్భంలో జేమీ క్లెయిర్‌ను తోలుపట్టీతో కొడతాడు. ఆమె తన మాట వినక అందరినీ ప్రమాదంలోకి తెచ్చిందనీ, తమ కాలపు న్యాయంలో అందుకు శిక్ష తప్పదనీ అతని వాదం. తర్వాత మళ్లీ చెయ్యెత్తనని ప్రమాణం చేస్తాడు. కథ ముందుకు సాగిపోతుంది. ఒక్క మగవాడి ప్రమాణంతో ఒక యుగపు న్యాయం సర్దుబాటైపోయింది. ఆ ఊళ్లో అదే న్యాయం కింద దెబ్బలు తినే మిగతా భార్యలకు ఏ ప్రమాణమూ దక్కలేదు.

మన దగ్గరికి వద్దాం. ‘అవుట్‌లాండర్’ వచ్చిన 1991లోనే సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ వచ్చింది. కృష్ణకుమార్, హేమ కాలయంత్రంలో 1526 నాటి విజయనగరానికి చేరుకుంటారు. చక్కని ఊహ, చక్కని సినిమా. అయితే ఒకటి గమనించాలి. రాయలుగానూ, నేటి యువకుడుగానూ నటించింది ఒక్క బాలకృష్ణే. హేమ రాయలును ప్రేమించదు, ఆమె ప్రియుడు పక్కనే ఉన్నాడు. తెలుగు కథ ఆడపిల్లను కాలయంత్రంలోనైనా తోడు లేకుండా పంపలేదు. ఇక విజయనగరమంటే కొలువు, నాట్యం, వజ్రం. ఆ కొలువుకు పన్ను కట్టిన రైతు దగ్గరికి యంత్రం పోదు.

ఈనాటి యువతికీ ఆనాటి వీరుడికీ ముడిపెట్టాలంటే మనవాళ్లకు యంత్రం కన్నా పాత వాహనం ఒకటుంది. అది పునర్జన్మ. 1964 నాటి ‘మూగమనసులు’ నుంచి అది బాగానే నడుస్తున్నది. 2009లో ఆ వాహనం మీద రెండు సినిమాలు వచ్చి, రెండూ విజయం సాధించాయి. రాజమౌళి ‘మగధీర’లో 1609 నాటి కాలభైరవుడూ రాకుమారి మిత్రవిందా నాలుగు వందల ఏళ్ల తర్వాత హర్షగా, ఇందుగా పుడతారు. ఆమె చెయ్యి తగలగానే అతనికి ఆ జన్మ మెరుస్తుంది. కోడి రామకృష్ణ ‘అరుంధతి’లో గద్వాల సంస్థానపు జేజమ్మ మునిమనుమరాలి రూపంలో మళ్లీ వస్తుంది. ఆమెను కోరుకున్న పశుపతి, చచ్చి కూడా ఆ కోరిక వదలకుండా కాచుకొని ఉంటాడు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింట్లోనూ గతజన్మలోని మగవాడు నేటి యువతి మీద తనకు పాత హక్కు ఉందనుకుంటాడు. మొదటిదాన్ని మనం ప్రేమ అన్నాం, రెండోదాన్ని పైశాచికం అన్నాం. రెంటికీ తేడా ఆమె ఇష్టంలోనే ఉంది. ఆ ఇష్టాన్ని పునర్జన్మ కథ ఈ జన్మలో అడగదు, పాత జన్మలోనే తేల్చేస్తుంది. ఇందుకు ఈ జన్మలో ‘వద్దు’ అనే వీలు లేదు. అన్నా, జ్ఞాపకం రాలేదని ప్రేక్షకుడు సమాధానపడతాడు. పరాయి ఆడపిల్ల వెంటపడి ‘నువ్వు నాకోసమే పుట్టావు’ అనేవాడికి ఇంతకన్నా పెద్ద అండ ఏం కావాలి? ఈ మేరకు కాలయంత్రపు కథే నయం. అందులో ఆమె ఉండాలా, తిరిగి రావాలా అన్నది ఆమె ముందున్న ప్రశ్న.

‘అరుంధతి’ గురించి ఇంకొక్క మాట. ప్రభువర్గపు మగవాణ్ణి పిశాచంగా చూపే ధైర్యం అది చేసింది. కాని ఆ పాపమంతా ఒక్క పశుపతిదే. సంస్థానం పవిత్రంగానే మిగిలింది, జేజమ్మ ప్రజలకు దేవత అయింది. ఒక దుర్మార్గుడు పోతే భూస్వామ్యం చల్లని నీడ అని ఆ కథ సారాంశం.

నిజమైన స్త్రీలు ప్రభువుల మధ్య ఎలా బతికారో తెలుసుకోవడానికి మనకు కాలయంత్రం అక్కరలేదు. ఉస్మానియా ఆవరణ ఉన్నది ఒకప్పటి అడిక్‌మెట్ జాగీరు భూమిలో. ఆ జాగీరు మహలఖా బాయి చందాది. ఆమె 1768లో పుట్టి 1824లో చనిపోయింది. ఆసఫ్‌జాహీ దర్బారులో గాయని, నర్తకి, ఉర్దూ కవయిత్రి. 1799లో తన కవితల ప్రతిని జాన్ మాల్కం అనే కంపెనీ అధికారికి బహూకరించింది. ఆమె పేరిట ఒక మెట్లబావి ఈ ఆవరణలో ఉంది. సమాధి తార్నాకకు దగ్గర్లోని మౌలాలి గుట్ట దిగువన, తల్లి సమాధి పక్కనే ఉంది.

ఆమె మాట ప్రభువులు విన్నారు. అయితే వినిపించుకోవడానికి ఆమెకు పాట కావాలి, ఆట కావాలి, బిరుదు కావాలి, ఎప్పటికప్పుడు ఒక పెద్దవాడి ప్రాపకం కావాలి. ఆమె ఎవరికీ భార్య కాలేదు. ఆ ప్రభువుల జనానాల్లో ఉన్న భార్యల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? ఇక ఆమె జాగీరు దున్నినవాళ్ల పేర్లు మనదాకా రానేలేదు. ఆ దర్బారులో ఒక స్త్రీకి దక్కగలిగిన స్థానాల్లో గొప్పదానికి ఆమె ఉదాహరణ. దాని ఖరీదు ఇది.

ఆ పాలన నీడలో పల్లెల్లో ఏం జరిగిందో పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ప్రచురించిన తెలంగాణా పోరాట చరిత్రలో ఉంది. దొరలు కూతుళ్లను అత్తవారింటికి పంపేటప్పుడు, వాళ్ల సేవకు పేదింటి ఆడపిల్లల్ని కూడా వెంట పంపేవారు. ఆడబాపలన్నారు వాళ్లను. గడిలో చాకిరీ వాళ్లది, దొర కోరికకు లొంగవలసిన గతీ వాళ్లదే. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఆ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ గొంతుతో మాట్లాడారు. మనకు ప్రభువుల ప్రేమకథలకు కొరత ఉండవచ్చు గాని, ప్రభువుల గురించి స్త్రీలు చెప్పిన సాక్ష్యానికి కొరత లేదు.

ఆ రోజు తరగతిలోనే జనగామ వైపు నుంచి వచ్చిన మరో అమ్మాయి లేచింది. ‘‘మా అవ్వ గడి ముంగట నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతుల పట్టుకునేదట సార్. ఆ కథల నేను పడితే నన్ను ఏ దిక్కు నుంచి రానిస్తరు?’’ అంది. తరగతి కాసేపు నిశ్శబ్దమైంది. ఈ సాహిత్యం మొత్తానికి వెయ్యవలసిన ప్రశ్న అదేనని నా అభిప్రాయం. చదువుకున్న స్త్రీ అని ఈ కథలు అంటున్నప్పుడు, చదువుకున్న వెట్టివాళ్ల మనుమరాలు వాటి లెక్కలో లేదు.

ఆ ప్రశ్నకు అమెరికాలో ఒక నల్లజాతి రచయిత్రి ఎప్పుడో జవాబు రాసింది. ఆక్టేవియా బట్లర్ 1979 నవల ‘కిండ్రెడ్’లో 1976 నాటి డానా మేరీలాండులోని పాత బానిస తోటకు ఈడ్వబడుతుంది. అక్కడి యజమాని కొడుకు రూఫస్ ఆమెకే పూర్వికుడు. అతను ఒక నల్ల స్త్రీని చెరబడితేనే డానా వంశం మొదలవుతుంది. అందుకని అతన్ని ఆమె బతికించుకోవాలి. చివరికి అతను తన మీదికే వస్తే పొడిచి చంపుతుంది. తిరుగు ప్రయాణంలో ఆమె ఎడమ చెయ్యి పోతుంది. కాలప్రయాణం అదే, ప్రభువు అదే తరగతివాడు. మారింది ఆమె దిగిన గుమ్మం ఒక్కటే. దాంతో ప్రేమకథ కాస్తా చరిత్ర అయింది.

అయితే మా మొదటి అమ్మాయికి మనం ఏం చెప్పాలి? మాట వినే మనిషి కావాలనుకోవడం తప్పని చెప్పాలా? ఎంతమాత్రం కాదు. 1974లో ఇదే ఉస్మానియాలో చదువుకునే ఆడపిల్లలు ప్రగతిశీల మహిళా సంఘం పెట్టుకున్నారు. ఆడపిల్లల్ని వేధించడం, వరకట్నం, అశ్లీల పోస్టర్లు - వీటికి వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చారు. మరుసటేడు ఎమర్జెన్సీ విరుచుకుపడింది. కాని ఆ కొద్దికాలంలోనే వాళ్లు ఒక సంగతి నిరూపించారు. ఈ కథానాయికలు ఏ ప్రభువు దగ్గర వెతుక్కుంటున్నారో ఆ మర్యాదను, వాళ్లు తమ కాలంలోని మగవాళ్లనే నిలదీసి అడిగారు. ఒక్కరి కోసం అడగలేదు, హాస్టలులోని అందరి కోసం అడిగారు.

మన రచయితలు, ముఖ్యంగా రచయిత్రులు, ఈ ఇతివృత్తాన్ని అంటరానిదిగా చూడనక్కరలేదు. కాలయంత్రం మంచి పనిముట్టే. హాస్టలు గదిలోని పిల్లను నిస్సంకోచంగా గతంలోకి పంపండి. పెద్దగుమ్మంలో కాక, పెరటి దారిన గడిలోకి పంపండి. ఆడబాప పక్కన కూర్చోబెట్టండి. అక్కడ దొర ఎదురైనప్పుడు, అతను ఎంత అందగాడైనా సరే, ఆమె ఏం చేస్తుందో నిజాయితీగా రాయండి. అతన్ని ప్రేమించినా రాయండి, ఆ ప్రేమ పక్కనున్న పిల్లను ఏం చేసిందో కూడా రాయండి. తిరిగి తార్నాక చేరిన ఆ అమ్మాయి మర్నాడు బస్సులో, తరగతిలో, పెళ్లిచూపుల్లో ఎలా మాట్లాడుతుందో, అది మాత్రం విడిచిపెట్టవద్దు.