ఉప్పలపాడు గూళ్ల పనితనం

గుంటూరు పక్కన, పెదకాకాని మండలం ఉప్పలపాడు చెరువుకి వెళ్లినవాళ్లు పక్షుల్ని చూసి మురిసిపోతారు. గూళ్లని నిదానంగా చూసేవాళ్లు తక్కువ. నన్ను కట్టిపడేసింది ఆ గూళ్లే.

వాటిని మోస్తున్నవి సర్కారు తుమ్మ చెట్లు. పుట్టుక అమెరికా ఖండాలది. 1877 ప్రాంతంలో జమైకా విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఇప్పుడు పత్తి, మిరప చేల మధ్య కాలువ కట్టల మీదా, బీళ్లలోనూ అదే. గూడు కట్టే పక్షులు మాత్రం మనవే. సైబీరియా నుంచి వస్తాయని చాలామంది చెప్పుకుంటారు గానీ, ఇక్కడ గూడు పెట్టే గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ రెండూ ఈ దక్షిణాసియా పక్షులే. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు నీళ్లలో నిలిచే కడప అనే చెట్ల మీద గూళ్లు కడతాయి. ఇక్కడ దొరికింది తుమ్మ.

తుమ్మ కొమ్మ తిన్నగా సాగదు. కణుపు కణుపుకీ వంకర తిరుగుతుంది, కణుపు దగ్గర ముళ్లు. మనకి చిరాకు పుట్టించే ఆ వంకరే పక్షికి ఆధారం. మొదటి పుల్లలు నిలవడమే కష్టం, జారితే నీళ్లపాలు. పంగలో రెండు మూడు పుల్లలు చిక్కుకున్నాక పని ఊపందుకుంటుంది. గూడబాతుల్లో మగది పుల్లలు మోసుకొస్తుంది, ఆడది కూర్చున్నచోటే వాటిని అమరుస్తుంది. ముక్కుతో దూర్చి, కదిపి, కింది పుల్లల సందులో బిగిస్తుంది. మట్టి లేదు, ముడి లేదు. పుల్లలో పుల్ల చిక్కుకోవడమే బిగింపు. నాలుగైదు కిలోల తల్లి, దాదాపు అంత బరువుకీ ఎదిగే పిల్లలు, పైగా గాలివాన: అన్నిటినీ ఆ అల్లికే కాయాలి. ఎర్రకాళ్ల కొంగ పైన పచ్చి ఆకు కూడా పరుస్తుంది. ఎండ ముదిరితే రెక్కలు విప్పి పిల్లలకి నీడ పడుతుంది.

చెట్లు చాలక ఇక్కడ కృత్రిమ చెట్లు కూడా నిలబెట్టారు. మంచి ప్రయత్నం. అలాంటివి చేసేవాళ్లు ముందు తుమ్మ పంగల్ని కొలుచుకోవాలని నా కోరిక. నున్నటి కడ్డీ మీద మొదటి పుల్ల ఎక్కడ ఆగుతుంది?

నల్లమల అడవిలో లాంటానా, వయ్యారిభామ లాంటి పరాయి మొక్కల్ని పీకడం న్యాయమే, గడ్డి బతకాలి. సర్కారు తుమ్మా పరాయిదే, అయినా ఉప్పలపాడులో మాత్రం కడప మొక్కలు ముందు నాటి, అవి గూడు మోసేంత ఎదిగాకే తుమ్మ మీద గొడ్డలి పెట్టాలి.