సెకన్లను పట్టిన గాజుపాత్ర

మొక్క కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మారుస్తుందని బడిపిల్లలకూ తెలుసు. ఆ దారిలో మొట్టమొదట పుట్టే పదార్థమేమిటో మాత్రం 1940ల చివరిదాకా తేలలేదు. తేల్చిన పని బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, సైక్లోట్రాన్‌ను తీసేసిన ఓ పాత చెక్క భవనంలో జరిగింది. బృందానికి పెద్ద రసాయన శాస్త్రవేత్త మెల్విన్ కాల్విన్. బల్ల దగ్గర నిలబడి చేసినవాళ్లలో ముఖ్యులు ఆండ్రూ బెన్సన్, అప్పటికింకా పరిశోధక విద్యార్థిగా ఉన్న జేమ్స్ బాషమ్.

కార్బన్ దారిని పట్టుకోవడానికి అంతకుముందు గుర్తుగా వాడిన రేడియోధార్మిక కార్బన్-11 ఇరవై నిమిషాలకే సగమైపోయేది. 1940లో బర్క్‌లీలోనే మార్టిన్ కామెన్, శామ్ రూబెన్ కనుగొన్న కార్బన్-14 వేల ఏళ్లు నిలుస్తుంది. దాంతో తొందర తీరింది.

ఇక బెన్సన్ రూపొందించిన పాత్రను చూడండి. పలచటి గుండ్రని గాజుపాత్ర, కింద కాడ. అందుకే దాన్ని లాలీపాప్ అన్నారు. లోపల పచ్చని నాచు కలిసిన నీళ్లు, రెండువైపులా దీపాలు. పాత్ర మందంగా ఉంటే ముందున్న కణాలే వెలుతురంతా తీసుకుంటాయి, లోపలివి చీకట్లో మిగిలిపోతాయి. అప్పుడు ఏ కొలతా నమ్మదగ్గది కాదు. అడుగున కవాటం రంధ్రం వెడల్పుగా పెట్టడంలోనూ అంతే ఆలోచన ఉంది. కార్బన్-14 ఎక్కించిన కొన్ని సెకన్లకు కవాటం తిప్పితే నాచంతా ఒక్కసారిగా వేడి ఆల్కహాల్‌లో పడాలి, కణంలో జరుగుతున్న పని అక్కడికక్కడే ఆగిపోవాలి. సన్నని ధారగా పడితే మొదటి చుక్కకీ చివరి చుక్కకీ మధ్య సెకన్లు దొర్లిపోతాయి. ఈ ప్రయోగంలో సెకనే ప్రాణం.

ఆ ఆల్కహాల్ రసంలో ఒక చుక్కను పెద్ద వడపోత కాగితం మూలన పెట్టి, ఒక ద్రావకంతో ఒకవైపు, ఆరాక మరో ద్రావకంతో అడ్డంగా నడిపించేవారు. పైన ఎక్స్‌రే ఫిల్మ్ ఆనించి రోజుల తరబడి చీకట్లో ఉంచితే కార్బన్-14 ఉన్న చోటల్లా నల్లమచ్చ పడేది. నాచుకు ఎక్కువ సమయం ఇస్తే మచ్చలు బోలెడు. సమయం తగ్గించేకొద్దీ మచ్చలూ తగ్గాయి. కొద్ది సెకన్లకు దించేసరికి ప్రధానంగా ఒకటే మిగిలింది: మూడు కార్బన్ల ఫాస్ఫోగ్లిసరిక్ ఆమ్లం.

మరి కార్బన్ డయాక్సైడ్‌ను అందుకునేదేమిటి? రెండు కార్బన్లదై ఉంటుందని చాలాకాలం వెతికారు. చివరికి కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించి చూస్తే, వాడకం లేక పేరుకుపోయింది అయిదు కార్బన్ల రిబ్యులోజ్ బిస్‌ఫాస్ఫేట్. 1954 నాటికి ఈ చర్యల చక్రం మొత్తం తేలింది. 1961 నోబెల్ బహుమతి కాల్విన్‌కొక్కడికే దక్కింది. నా దృష్టిలో బెన్సన్‌కు అన్యాయమే జరిగింది.

నాచు పెంచడం వృక్షశాస్త్రం, కార్బన్-14 భౌతికశాస్త్రం, కాగితం మీద విడదీయడం రసాయనశాస్త్రం. ఏ ఒక్క శాఖకూ ఇది అందేది కాదు. వృక్ష శరీరధర్మ శాస్త్రాన్ని పలు శాఖల ఉమ్మడి పీజీ చదువుగా నడపాలనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు కనబడదు. మన విశ్వవిద్యాలయాల్లోనూ బోటనీ విద్యార్థికి కనీసం ఒక సెమిస్టరైనా కెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేసే వీలు కల్పించాలని శాఖాధిపతులకు నా మనవి.