అంగారక శకటము - అద్దమునకు ఇవతలి ప్రేక్షకులు

ఎడ్లబండ్లు విరివిగా నడచిన కాలమున, వడ్రంగియు కమ్మరియు కలిసి బండిచక్రమునకు ఇనుపపట్టా వేయు దినము ఊరి పిల్లలకు పండుగ. పిడకల మంటలో పట్టా ఎఱ్ఱగా కాలును. నలుగురు పట్టకారులతో దానిని తెచ్చి కొయ్యచక్రముపై దింపి, వెంటనే నీరు పోయుదురు. ఆవిరి లేచును, పట్టా చక్రమును బిగియబట్టును. చూచుచున్న కుఱ్ఱవాడొకడు "ఎందుకు కాల్చటం?" అని అడిగినచో, కమ్మరి పని ఆపకయే "కాలితే ఇనుము సాగుతుందిరా, చల్లారితే బిగుసుకుంటుంది" అని చెప్పును. పదార్థములు వేడిచే వ్యాకోచించునను సూత్రము ఆ బాలునకు పుస్తకము తెరువకమునుపే తెలిసిపోవును.

ఈ వ్యాసమునకు విషయమైన బండికి ఆరు చక్రములు. ఒక్కొక్కదాని వ్యాసము అర మీటరు. అనగా ఎడ్లబండి చక్రముకంటె చిన్నది. ఐనను దాని కట్టుబడిని చూచినవారి సంఖ్య పది లక్షలకు మించినది. వారందరును ఏమి చూచిరి? ఏమి నేర్చిరి? ఇదియే మన ప్రశ్న.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, పసడెనా నగరమునకు చేరువ జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ కలదు. అంగారకగ్రహముపై సంచరించుటకై ‘క్యూరియాసిటీ’ అను రోవరు అచ్చట తయారైనది. దాని బరువు 899 కిలోగ్రాములు. ఆ యాత్రకైన వ్యయము సుమారు 250 కోట్ల డాలర్లు. 2010 అక్టోబరులో ఆ సంస్థవారు నిర్మాణశాలకు పైభాగముననున్న సందర్శకుల వసారాలో ఒక కెమెరాను అమర్చి, లోపల జరుగు పనిని ఇంటర్నెట్ ద్వారా లోకమునకు చూపనారంభించిరి. 2011 జూన్‌లో రోవరు ఫ్లారిడాకు తరలువరకు ఇది సాగినది. 2019 జూన్‌లో ‘పర్సెవరెన్స్’ రోవరు నిర్మాణ సమయమున ఇట్టి ఏర్పాటే మరల జరిగినది. రెండింటను చిత్రమే కాని ధ్వని లేదు. ఒక గ్రంథమును సమీక్షించునట్లే ఈ ప్రసారములను కూడ సమీక్షించుట తగును; ఏలనన ఇవియు విజ్ఞానప్రచారమునకై వెలువడినవే.

మొదట గుణములను చెప్పుదము. క్యూరియాసిటీ 2012 ఆగస్టు 6న అంగారకునిపై దిగినది. వాయుమండలమున ప్రవేశించినది మొదలు నేలను తాకువరకు పట్టిన కాలము సుమారు ఏడు నిమిషములు. ఆ ఏడు నిమిషములను మాత్రమే చూచినవానికి విజ్ఞానశాస్త్రము గారడీవలె తోచును. నిర్మాణశాలను చూచినవానికి అట్లు తోచదు. అచ్చట గంటలకొలది ఏమియు జరుగుచున్నట్లు కనబడదు. ఇద్దరు మనుష్యులు ఒక యంత్రభాగము చుట్టు తిరుగుదురు, కాగితము చూచుకొందురు, ఒక మరను బిగింతురు, మరియొకరు వచ్చి దానిని పరీక్షింతురు. కొన్ని వేళల గది శూన్యముగా నుండును. ఈ విసుగు పుట్టించు నెమ్మదియే ప్రసారము చెప్పిన మొదటి సత్యము. ఇంజనీరు పనిలో అధికభాగము ఓర్పు అని ఏ ఉపన్యాసమును ఇంత చక్కగ బోధింపజాలదు.

రెండవ గుణము శుచిని గూర్చినది. లోపలివారు తలనుండి పాదములవరకు తెల్లని దుస్తులు, ముసుగులు, చేతితొడుగులు ధరించియుందురు. మన ప్రేక్షకునకు ఇది మడి కట్టుకొనుటవలె కనబడవచ్చును. కాని ఈ మడికి లెక్క కలదు. భూమినుండి సూక్ష్మజీవులు అంగారకునికి చేరినచో, రేపు అక్కడ జీవకణము కనబడినను అది అక్కడిదో, మనము మోసికొనిపోయినదో తెలియదు. అందువలన క్యూరియాసిటీ నౌక మొత్తముపై 5,00,000 కంటె ఎక్కువ బాక్టీరియా సిద్ధబీజములు ఉండరాదని నియమము పెట్టిరి. యంత్రభాగములను తుడిచి, ఆ తుడిచినదానిని పోషకద్రవ్యముపై పెంచి, ఎన్ని మొలకెత్తినవో లెక్కించిరి. తెల్లదుస్తులు చూచి ‘ఇది ఏల?’ అని ఆలోచించినవానికి ఇంత శాస్త్రము లభించును.

లోపములు ఇక్కడినుండియే ప్రారంభమగును. ఆలోచించినవానికి లభించును, మరి చెప్పువాడెవడు? ప్రసారము మూగది. కొన్ని వేళలలో సంస్థ ఉద్యోగులు ప్రేక్షకుల లిఖితప్రశ్నలకు జవాబులు వ్రాసినమాట నిజమే. అందులకు వారిని మెచ్చుకొనవలసినదే. కాని అట్టి జవాబు ఆ గడియకు అక్కడనున్నవానికే దక్కును. మరునాడు వచ్చినవానికి మిగులునది చిత్రము మాత్రమే.

చక్రముల సంగతియే చూడుడు. క్యూరియాసిటీ చక్రము అల్యూమినియముతో చేసినది. దాని చర్మము మందము ముక్కాలు మిల్లీమీటరు మాత్రమే. నేలను పట్టుటకు దానిపై 24 వంకర కట్లు కలవు. 2013 చివర, గేల్ అను బిలములో నేలలో గట్టిగా నాటుకొనియున్న వాడిరాళ్లపై నడచుటచే ఆ చర్మమునకు చిల్లులు పడెను. ఆ అనుభవముచే పర్సెవరెన్స్ చక్రములను మార్చిరి: వ్యాసము కొంచెము పెంచి, వెడల్పు తగ్గించి, చర్మము మందము చేసి, వంపు తక్కువగల 48 కట్లు పెట్టిరి. 2019 జూన్‌లో ఈ కొత్త చక్రములను రోవరుకు బిగించిరి. చూచినవారు ఆఱు చక్రములు చూచిరి. వాటి ఆకృతిలో ఒక పొరపాటును, దాని దిద్దుబాటును చదివినవారెందరు? కమ్మరి ఒక్క మాటతో చెప్పగలిగినదానిని ఈ మహాసంస్థ కెమెరా చెప్పలేకపోయినది.

రెండవ లోపము చట్రమునకు సంబంధించినది. కెమెరా ఒక గదిని మాత్రమే చూపును. క్యూరియాసిటీ 2009లోనే బయలుదేరవలసియుండెను. మోటార్లు మొదలగునవి సకాలమునకు సిద్ధము కానందున, 2008 డిసెంబరులో ప్రయాణమును 2011నకు వాయిదా వేసిరి. అంగారకునికి అనుకూలమైన దారి సుమారు 26 మాసములకొకసారి మాత్రమే లభించును గదా! ఆ చిక్కు అంతయు తీరిన తరువాతనే కెమెరా కన్ను తెరచెను. చక్రములు కూడ అంతకుముందే, 2010 వేసవిలోనే బిగింపబడినవి. 2011 మార్చిలో రోవరును అంగారకునివంటి శీతలమునకు, పలుచని వాయువునకు లోనుచేసి పరీక్షించిరి. అది జరిగినది నిర్మాణశాలలో కాదు, వేరొక పరీక్షామందిరములో. యంత్రము తన బ్రదుకునకై పరీక్ష వ్రాయుచుండగా, ప్రేక్షకుని కన్ను మరియొక గదిపై నిలిచియుండెను.

మూడవ లోపము అన్నిటికంటె పెద్దది. క్యూరియాసిటీకి రాళ్లను తొలుచు బరమా కలదు. దాని మొనలను శుద్ధిచేసి ఒక పెట్టెలో మూసియుంచి, అంగారకునిపై చేరిన తరువాతనే తెరువవలెనని మొదటి సంకల్పము. కాని దిగునప్పుడు యంత్రము దెబ్బతిని మొన తగిలించుకొనలేకపోవునేమో అను శంకచే, ఇంజనీర్లు భూమిమీదనే పెట్టె తెరచి ఒక మొనను బరమాకు తగిలించిరి. గ్రహముల శుద్ధిని కాపాడు బాధ్యతగల అధికారికి ఈ సంగతి సకాలమున తెలుపలేదు. ఇది 2011 నవంబరులో ప్రజలకు వెల్లడియైనది. రోవరు దిగు చోట నేలకు చేరువగా మంచు లేదు కనుక, నియమముల తరగతిని మార్చి యాత్రను సాగనిచ్చిరి. హాని లేదనియే నిపుణుల అభిప్రాయము. కాని విమర్శకుడు ఇక్కడ ఆగవలెను. ఆ పని కెమెరా ముందు జరిగినదా, లేదా అన్నది కాదు ప్రశ్న. ముందు జరిగినను ప్రేక్షకునకు కనబడునది తెల్లదుస్తుల చేతులు, ఒక పెట్టె మాత్రమే. ఒక నియమము సడలినదని బొమ్మ చెప్పదు. చేతులను చూపుట సులభము; నిర్ణయములను చూపుట కష్టము. ప్రజల ధనముతో సాగు పనిలో ప్రజలు ముఖ్యముగా తెలిసికొనవలసినవి నిర్ణయములే.

ఇక ప్రేక్షకులను గూర్చి. వీరిలో రెండు తెగలు కలవు. పర్సెవరెన్స్‌తో తమ పేర్లు పంపినవారు 1,09,32,295 మంది; ఆ పేర్లను మూడు చిన్న సిలికాన్ బిళ్లలపై చెక్కి పంపిరి. దేవాలయపు మెట్టుపై పేరు చెక్కించుకొనుటవంటి ముచ్చట ఇది. దీనిని తప్పుపట్టను. కాని పేరు పంపుటకు ఏమియు తెలిసియుండనక్కరలేదు. రెండవ తెగవారు దినదినము చూచి, నిన్న లేని భాగము నేడెక్కడనుండి వచ్చెనో గుర్తించి, దాని పేరును, పనిని వెదకి తోటివారికి చెప్పువారు. 2011 జనవరిలో సుమారు 40 కిలోగ్రాముల రసాయన పరిశోధన పరికరమును రోవరు గర్భమున అమర్చిరి. ఇట్టివానిని ‘ఒక పెట్టె’ అని వదలక, అది రాతిపొడిని కాల్చి వాయువులను పరీక్షించునని పొరుగువానికి విప్పిచెప్పిన అభిమానియే మన కథలోని కమ్మరి. ప్రసారము మూగదైనచోట అతడు నోరైనాడు. సంస్థవారు చేయవలసిన పనిలో సగము జీతములేని ఈ అభిమానులు చేసిరని చెప్పుట అతిశయోక్తి కాదు.

పనిచేయువాని భుజముపై లోకమంతయు కూర్చున్నచో పని చెడునని కొందరందురు. ఇది కొట్టివేయదగిన మాట కాదు. ప్రతి తప్పును ఆ క్షణముననే చాటవలెనని నేను కోరను. కాని వారమునకొకసారి ఒక ఇంజనీరు నిలబడి, "ఈ వారము ఇది చేసితిమి, ఇది చెడినది, ఇట్లు మార్చితిమి" అని చెప్పినచో పనికేమియు లోటు రాదు. పొరపాటును ముందుగా తామే చెప్పిన సంస్థను ప్రజలు ఎక్కువ నమ్ముదురు.

ఈ మాట మనకును వర్తించును. 2023 జూలై 14న మన శ్రీహరికోటనుండి బయలుదేరిన చంద్రయాన్-3, ఆగస్టు 23న చంద్రునిపై దిగి, 26 కిలోగ్రాముల ‘ప్రజ్ఞాన్’ రోవరును నడిపినది. ఆ సాయంకాలము ఎన్నో పాఠశాలల పిల్లలు తెరలముందు కూర్చుండి చప్పట్లు కొట్టిరి. రాకెట్ ఎగురుట చూచుటకు శ్రీహరికోటలో 2019 నుండి ప్రజలకు వేదికయు కలదు. ఎగురుట చూచిన పిల్లవాడు ఆనందించును. కట్టుట చూచిన పిల్లవాడు ప్రశ్నించును. కనుక ముందు ముందు మన రోవరులను కట్టునప్పుడు ఆ పనిని పిల్లలకు చూపుట మంచిది. చూపునప్పుడు కెమెరా ప్రక్కన ఒక మనిషిని కూడ కూర్చుండబెట్టి, ఆ పిల్లల భాషలో, వారడిగినదానికి జవాబు చెప్పించవలెను.